లోతు తక్కువ నీటిలో వేట... 'అర్నాలా' రాక ఎందుకు?

విశాఖపట్నం: 1971 డిసెంబరు మూడో తేదీ అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి విశాఖ హార్బర్ ముఖద్వారానికి అవతల సముద్రంలో పెద్ద పేలుడు సంభవించింది. ఆ శబ్దం నగరంలోకీ వినిపించింది. ఏం జరిగిందో ఆ రాత్రి ఎవరికీ స్పష్టంగా తెలియలేదు. తరువాత మత్స్యకారులకు నీటిపై తేలుతున్న శకలాలు దొరికాయి. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ సిబ్బంది యావన్మందితో సహా విశాఖ వాకిట్లోనే జలసమాధి అయిందని అప్పుడు తేలింది.

నవంబరు 14న కరాచీ విడిచిన ఘాజీ, ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదుక్కుంటూ. విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవుల వైపు తరలిపోయింది. అది విశాఖ సమీపంలోనే ఉన్నదని శత్రువు భ్రమపడేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ ఒక ఎత్తు వేశారు. పాతబడిన యుద్ధనౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ పేరిట సందేశాలు పంపించారు. ఆ రాత్రి రేవు దాటి బయటకు వెళుతున్న రాజ్‌పుత్, నీటిలో అనుమానాస్పదమైన కదలికను గమనించి డెప్త్ ఛార్జీలు జారవిడిచింది. ఘాజీని ముంచింది అవేనని భారత నౌకాదళం చెబుతుంది. లోపలి ప్రమాదం వల్లనో, అది స్వయంగా అమర్చిన మందుపాతర వల్లనో మునిగి ఉంటుందన్నది పాకిస్థాన్ వాదన. ఆ వివాదం నేటికీ తెగలేదు. వివాదం లేని విషయం మాత్రం ఒకటుంది. తొంభై మీటర్లకు పైగా పొడవున్న శత్రు జలాంతర్గామి ఒకటి కరాచీ నుంచి బయలుదేరి, విశాఖ రేవు గుమ్మం వరకు రాగలిగింది.

అర్ధ శతాబ్దం గడిచాక, 2025 జూన్ 18న, అదే విశాఖలోని నౌకాదళ డాక్‌యార్డులో ఐ.ఎన్.ఎస్. అర్నాలా అనే కొత్త నౌక విధుల్లో చేరింది. త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ ఆ కార్యక్రమానికి అధ్యక్షత వహించారు. దాని పొడవు 77.6 మీటర్లు. దూరప్రయాణాలు చేసే భారీ యుద్ధనౌకల సరసన నిలబెడితే చిన్న పడవలా కనిపిస్తుంది. భారీ క్షిపణులు లేవు, హెలికాప్టర్ దిగే వేదిక లేదు. అయినా నౌకాదళం ఇటువంటివి ఒకటి కాదు, 16 కావాలని కోరుకుంది. ఎందుకు కోరుకున్నదో తెలియాలంటే నౌక కన్నా ముందు నీటి సంగతి చూడాలి.

లోతు తక్కువైతే కష్టం ఎక్కువ

జలాంతర్గామి దాక్కోవడానికి అగాధమైన సముద్రం కావాలని సాధారణంగా అనుకుంటారు. నిజానికి తీరానికి చేరువలో, లోతు తక్కువగా ఉన్న నీటిలో దానిని పట్టుకోవడమే కష్టం. భూభాగం సముద్రంలోకి వాలుగా చొచ్చుకుపోయే ప్రాంతాన్ని ఖండతీరపు అంచు అంటారు. అక్కడ లోతు సుమారు 200 మీటర్లకు మించదు. ఓడరేవులు, చమురు బావులు, నౌకామార్గాల మొదళ్లు, చేపల వేట అన్నీ ఈ అంచు మీదే ఉంటాయి. కాపాడుకోవలసినదంతా ఉన్న చోటే శత్రువు జాడ తీయడం దుర్లభమన్నమాట.

నీటిలో రాడార్ పనిచేయదు. వెలుగు కొద్ది మీటర్లలోనే పలచబడిపోతుంది. దూరం ప్రయాణించగలిగేది ధ్వని ఒక్కటే. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోయే ధ్వని, సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు పోతుంది. సోనార్ పరికరం ఈ సూత్రం మీదే ఆధారపడింది. తానే ఒక ధ్వనిని పంపి, ఏదైనా వస్తువుకు తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకోవడం ఒక పద్ధతి. ఏ చప్పుడూ చేయకుండా అవతలి యంత్రాల శబ్దాన్ని చెవియొగ్గి వినడం మరొక పద్ధతి.

నడిసముద్రంలో ఈ రెండు పద్ధతులకూ కొంత వెసులుబాటు ఉంటుంది. తీరం దగ్గర అలా కాదు. పంపిన ధ్వని ఒకసారి అడుగున ఇసుకకు తగిలి, మరోసారి పైన అలలకు తగిలి, రాళ్లకూ పాత ఓడల శిథిలాలకూ తగిలి, వందల ప్రతిధ్వనులుగా చీలి వెనక్కి వస్తుంది. పెద్ద గుడి మండపంలో నలుగురు ఒకేసారి మాట్లాడితే ఏ మాట ఎవరిదో తెలియనట్లే, అందులో జలాంతర్గామిది ఏదో, బండరాయిది ఏదో తేల్చడం సిబ్బందికి పరీక్ష. ఇంజిన్ ఆపి అడుగున కదలకుండా పడుకున్న జలాంతర్గామికీ, ఎన్నేళ్ల కిందటో మునిగిన ఓడకూ సోనార్ తెర మీద పెద్ద తేడా కనిపించకపోవచ్చు.

దీనికి తోడు వేడిమి. ధ్వని నేరుగా పోదు, వేగం తక్కువగా ఉండే నీటి వైపు వంగుతుంది. చల్లని నీటిలో దాని వేగం తక్కువ. మండుటెండకు సముద్రపు పై పొర వేడెక్కితే, నౌక పంపిన ధ్వని కిందికి వంగిపోతుంది. ఆ వంపుకు అవతల ధ్వని చేరని నీడ ప్రాంతం ఏర్పడుతుంది. ఉదయం బాగా వినిపించిన సోనార్ మధ్యాహ్నానికి మందగించడాన్ని రెండో ప్రపంచయుద్ధానికి ముందే నావికులు గమనించారు. మొదట పనిచేసేవారి బద్ధకమేమోనని అనుమానించి, తరువాత ఎండ ప్రభావమని గ్రహించారు.

బంగాళాఖాతం ఈ విషయంలో మరీ పెంకి సముద్రం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ... ఇన్ని మహానదులు ఇందులో కలుస్తాయి. వానకాలం నుంచి ఆ మంచినీరు ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. ఉత్తర భాగంలో చలికాలాన పైన చల్లని పలుచటి నీరు, దాని కింద వెచ్చని ఉప్పునీరు ఉండే తలకిందుల పరిస్థితి కూడా ఏర్పడుతుంది. ఒక ఋతువులో నేర్చిన లెక్క మరో ఋతువులో పనికిరాదు.

ఇక చప్పుళ్లు. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే మరపడవలు, ఊరూరా తీరం నుంచి కదిలే ఫైబర్ బోట్లు, పోర్టుకు వచ్చే ఖనిజ నౌకలు, టగ్గులు అన్నీ నీటిలో రొద చేసేవే. ఉష్ణమండల తీరాల్లో చిటికె వేసినట్లు గోరు ఆడించి శబ్దం చేసే ఒక జాతి రొయ్యలున్నాయి. అవి గుంపులుగా చేరితే పుట్టే రొద సోనార్‌కు నిజంగానే అడ్డు తగులుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు వేట నిషేధం అమలవుతుంది. ఆ రెండు నెలలూ మరపడవల సందడి తగ్గుతుంది గానీ, రొయ్యలకు నిషేధం వర్తించదు.

నీటికి తగిన నౌక

ఈ చిక్కులన్నిటినీ దృష్టిలో పెట్టుకుని చూస్తే అర్నాలా రూపం అర్థమవుతుంది. నౌక అడుగుభాగం నీటిలో మునిగే లోతు సుమారు 2.7 మీటర్లే. పెద్ద యుద్ధనౌకలు నేల తగులుతుందేమోనని వెనుకాడే చోటుకు కూడా ఇది వెళ్లగలదు. గరిష్ఠ వేగం 25 నాట్లు, అంటే గంటకు సుమారు 46 కి.మీ. ఒకసారి ఇంధనం నింపితే 1,800 నాటికల్ మైళ్లు తిరగగలదు. సిబ్బంది సుమారు 57 మంది.

దీనికి బయట తిరిగే పంకాలు లేవు. డీజిల్ ఇంజిన్లు వాటర్‌జెట్‌లను నడుపుతాయి. నౌక అడుగు నుంచి నీటిని లోపలికి పీల్చి, శక్తిమంతమైన పంపు ద్వారా వెనుక గొట్టాల నుంచి వేగంగా చిమ్మితే ఆ తోపుకు నౌక ముందుకు సాగుతుంది. గొట్టాన్ని పక్కకు తిప్పితే నౌక తిరుగుతుంది. చిమ్మే నీటికి అడ్డుగా తలుపు లాంటిది దించి ధారను ముందువైపునకు మళ్లిస్తే వెనక్కి నడుస్తుంది. వరి మడికి నీరు తోడే పంపును పడవకు బిగించినట్లు ఊహించుకోవచ్చు. పంకా, చుక్కాని అడుగున వేలాడవు కనుక లోతు తక్కువ చోట్ల దెబ్బతినే భయం, వలలు చుట్టుకునే బెడద తగ్గుతాయి. డీజిల్ ఇంజిన్, వాటర్‌జెట్ కలయికతో నడిచే భారత యుద్ధనౌకల్లో ఇదే అతి పెద్దదని నౌకాదళం ప్రకటించింది.

నౌకకు చెవులు రెండు. ఒకటి అడుగుభాగానికి బిగించిన సోనార్. రెండోది తీగ సాయంతో వెనుక నుంచి నీటిలోకి దించే సోనార్. దానిని కావలసిన లోతుకు దించవచ్చు. పైన చెప్పిన వేడి పొర, మంచినీటి పొర కిందికి పరికరాన్నే పంపిస్తే, పైనుంచి వినిపించనిది అక్కడ వినిపిస్తుంది. జాడ దొరికాక ప్రయోగించడానికి తేలికపాటి టార్పెడోలు, జలాంతర్గామి విధ్వంసక రాకెట్లు ఉన్నాయి. మందుపాతరలు అమర్చే ఏర్పాటు, పైభాగాన 30 మి.మీ. తుపాకీ కూడా ఉన్నాయి. రాకెట్ల ఉపయోగం లోతు తక్కువ నీటిలోనే ఎక్కువ. అడుగు ప్రతిధ్వనుల మధ్య టార్పెడో తన లక్ష్యాన్ని తానే వెదుక్కోలేక తడబడవచ్చు. రాకెట్టుకు ఆ బాధ లేదు, లెక్క కట్టిన చోట నీటిలో పడి నిర్ణీత లోతులో పేలుతుంది.

టార్పెడోల మాట వస్తే విశాఖ పాత్రను చెప్పుకోవలసిందే. దేశీయ తేలికపాటి టార్పెడోను రూపొందించినది ఈ నగరంలోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల. ఎన్.ఎస్.టి.ఎల్. అనే పేరుతో స్థానికులకు పరిచితమైన ఈ సంస్థ 1969 నుంచి పనిచేస్తున్నది. టార్పెడోలను తయారుచేసే భారత్ డైనమిక్స్ యూనిట్ కూడా విశాఖలోనే ఉంది.

పేరు వెనుక కోట

మహారాష్ట్రలో వసాయికి ఉత్తరాన, వైతరణా నది సముద్రంలో కలిసే చోట చిన్న దీవి మీద అర్నాలా కోట ఉంది. 1737లో చిమాజీ అప్పా నాయకత్వంలో మరాఠాలు దానిని కట్టారు. నదీముఖాన్ని, తీరాన్ని కనిపెట్టి ఉండటం ఆ కోట పని. తీరం కాచే నౌకకు ఆ పేరు పెట్టడం సబబుగానే ఉంది. 'అర్ణవే శౌర్యం' అన్నది నౌక ధ్యేయవాక్యం. అర్ణవమంటే సముద్రమని పద్యాలు చదివిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ తరగతి నౌకల కోసం రక్షణ శాఖ 2019 ఏప్రిల్ చివరి వారంలో రెండు ఒప్పందాలు కుదుర్చుకుంది. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ సంస్థకు ఎనిమిది, కొచ్చిన్ షిప్‌యార్డుకు ఎనిమిది. గార్డెన్ రీచ్ వాటా విలువ సుమారు రూ.6,311 కోట్లు, అంటే నౌక ఒక్కింటికి దాదాపు రూ.789 కోట్లు. ఆ సంస్థ తన వాటాలో కొన్నింటిని చెన్నై చేరువలోని కాట్టుపల్లిలో ఉన్న ప్రైవేటు యార్డులో, ఎల్ అండ్ టి భాగస్వామ్యంతో కట్టించింది. అర్నాలా అక్కడే 2022 డిసెంబరు 20న జలప్రవేశం చేసింది. నౌకలో 80 శాతానికి పైగా దేశీయ సామగ్రేనని, 55 చిన్న, మధ్యతరహా పరిశ్రమలు ఇందులో పాలుపంచుకున్నాయని ప్రభుత్వం తెలిపింది.

కొత్త నౌకలు వచ్చింది పాతవాటి స్థానంలోకి. 1989-91 మధ్య సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న అభయ్, అజయ్, అక్షయ్, అగ్రయ్ అనే నాలుగు చిన్న నౌకలు మూడు దశాబ్దాలపాటు తీరంలో ఈ విధి నిర్వర్తించాయి. అక్షయ్, అజయ్ 2022లో విశ్రాంతి తీసుకున్నాయి. పాత నలుగురి పేర్లనే కొత్త తరగతిలోని నాలుగు నౌకలకు మళ్లీ పెట్టారు. తాతల పేర్లు మనవలకు పెట్టుకునే ఆచారం నౌకాదళంలోనూ ఉంది.

ఖుక్రీ నేర్పిన పాఠం

తీరజలాల్లో సోనార్ వెనుకబడితే ఏమవుతుందో భారత నౌకాదళానికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఘాజీ మునిగిన అయిదు రోజులకే, 1971 డిసెంబరు 9 రాత్రి, పడమటి తీరంలో డయ్యూకు సమీపంలో యుద్ధనౌక ఖుక్రీ పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడోకు బలైంది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచి రావడానికి నిరాకరించి దానితోపాటే మునిగిపోయారు. ఖుక్రీ బయలుదేరింది జలాంతర్గామిని వేటాడటానికే. కానీ వేటగాడి సోనార్ కన్నా ముందు వేట జంతువు సోనార్‌కు అవతలివారి జాడ చిక్కింది.

విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా నిలిపిన స్మారకాన్ని చూసేవారిలో ఘాజీ కథ తెలిసినవారే ఎక్కువ. ఒకే వారంలో జరిగిన ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అసలు సంగతి బోధపడదు. ఒకచోట అదృష్టమో చాకచక్యమో కలిసి వచ్చింది, మరొకచోట రాలేదు.

ఇది పాత కాలపు ముచ్చట మాత్రమే కాదు. 2010 మార్చి 26న దక్షిణ కొరియా యుద్ధనౌక చెయోనాన్ పచ్చసముద్రంలో ఒక దీవి చేరువన గస్తీ తిరుగుతూ రెండుగా విరిగి మునిగిపోయింది. 46 మంది నావికులు మరణించారు. ఉత్తర కొరియాకు చెందిన చిన్న జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో వల్లనే అది జరిగిందని అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. ఉత్తర కొరియా ఆ ఆరోపణను తోసిపుచ్చింది. నౌక మునిగిన చోటు నడిసముద్రం కాదు, తీరజలం.

అమెరికా అనుభవం

తీరప్రాంత పోరాటానికే ప్రత్యేకించి నౌకలు కట్టిన దేశాల్లో అమెరికా అనుభవం చెప్పుకోదగినది. 2000 దశకంలో ఆ దేశం 'తీరప్రాంత పోరాట నౌక' అనే పేరుతో రెండు రకాల నౌకలను చేపట్టింది. ఫ్రీడమ్ తరగతి ఒకటి, మూడు పొట్టలతో అల్యూమినియం దేహం గల ఇండిపెండెన్స్ తరగతి రెండోది. 40 నాట్లకు మించిన వేగం వాటి ఆకర్షణ. ఒకే నౌకలో అవసరాన్ని బట్టి పరికరాలు మార్చుకుని ఒకసారి మందుపాతరలు ఏరడానికి, మరోసారి చిన్న పడవలతో పోరాడటానికి, ఇంకోసారి జలాంతర్గాముల వేటకు వాడుకోవాలన్నది ఆలోచన. బల్ల మీద చూస్తే చక్కని ఆలోచనే.

నీటిలో దిగాక లోపాలు బయటపడ్డాయి. నిర్మాణ వ్యయం తొలి అంచనాకు రెట్టింపు దాటింది. ఫ్రీడమ్ తరగతి నౌకల్లో ఇంజిన్ల శక్తిని జతపరచే గేర్లు మొరాయించాయి. మార్చుకునే పరికరాలు నౌకల కన్నా ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. జలాంతర్గాముల వేటకు ఉద్దేశించిన పరికరాల ప్రయత్నాన్ని 2022లో అమెరికా నౌకాదళం విరమించుకుంది. 2018లో విధుల్లో చేరిన సియో సిటీ అనే నౌకను అయిదేళ్లు నిండక ముందే, 2023 ఆగస్టులో పదవీ విరమణ చేయించారు. మందుపాతరల ఏరివేతకు మాత్రం కొన్ని నౌకలు ఉపయోగపడుతున్నాయి.

అర్నాలా తరగతి నౌకకు ఇన్ని ఆశలు పెట్టలేదు. వేగం ఓ మోస్తరు, పని ప్రధానంగా ఒకటి. అవసరమైతే గాలింపు, రక్షణ, తీరగస్తీ, మందుపాతరలు అమర్చడం వంటివి చేస్తుంది. ఒకే పనికి కట్టిన నౌక ఆ పనిని చేయలేకపోతే దాచుకోవడానికి మరో సాకు ఉండదు. అది ఒక రకంగా మంచిదే.

పరిమితులూ ఉన్నాయి

అయితే ఈ నౌకలను చూసి తీరానికి ఇక భయం లేదనుకోవడం తొందరపాటు. జలాంతర్గాముల వేటలో హెలికాప్టర్‌కు సాటి వచ్చే సాధనం తక్కువ. అది నీటిపై నిలిచి సోనార్‌ను ముంచి, విని, లేచి మరోచోటికి పోగలదు. అవతలివారి టార్పెడో దానిని చేరలేదు. అర్నాలాపై హెలికాప్టర్‌కు చోటు లేదు. కనుక అది గగనతలం నుంచి వచ్చే సాయంతో కలిసి పనిచేయాలి. విశాఖలో ఐ.ఎన్.ఎస్. డేగా విమాన స్థావరం, తమిళనాడులోని అరక్కోణంలో పి-8ఐ గస్తీ విమానాల స్థావరం ఉండటం ఇందుకు అనుకూలం. తీరం దాటి లోతు నీటిలో వేటాడటానికి హెలికాప్టర్ మోయగల కమోర్తా తరగతి నౌకలు నాలుగున్నాయి. 2014 నుంచి 2020 మధ్య అవి నాలుగూ విశాఖలోనే విధుల్లో చేరాయి. దగ్గరి నీటికి అర్నాలా, దూరపు నీటికి కమోర్తా అన్నది పని విభజన.

పెద్ద విమర్శ మరొకటి ఉంది. ఒప్పందం ప్రకారం తొలి నౌక 42 నెలల్లో, అంటే 2022 అక్టోబరు నాటికి రావాలి. ఆ తరువాత ఒక్కో యార్డు ఏడాదికి రెండేసి చొప్పున ఇస్తూ 84 నెలల్లో పని ముగించాలి. అర్నాలా నౌకాదళం చేతికి అందింది 2025 మే 8న. మధ్యలో కోవిడ్ వచ్చిన మాట నిజమే. కానీ రెండున్నర ఏళ్ల జాప్యానికి అదొక్కటే కారణమని సరిపెట్టుకోలేం. పాత నౌకలు విశ్రాంతి తీసుకుని, కొత్తవి రాని ఆ వ్యవధిలో తీరజలాల వేటకు ప్రత్యేక నౌకల కొరత ఏర్పడింది.

ఈలోగా బంగాళాఖాతం ఖాళీగా లేదు. 2016లో బంగ్లాదేశ్ చైనా నుంచి రెండు జలాంతర్గాములను పొందింది. 2021 డిసెంబరులో మయన్మార్‌కు చైనా ఒక జలాంతర్గామిని అందజేసింది. అంతకు ముందు ఏడాదే భారత్ తన సింధువీర్ జలాంతర్గామిని మయన్మార్‌కు ఇచ్చింది. దానికి మరమ్మతులు చేసి సిద్ధపరచింది విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డే. పొరుగువారి తొలి జలాంతర్గామి మన ఊరి యార్డులో ముస్తాబై వెళ్లిందన్న సంగతి నగరంలో చాలామందికి తెలియదు. పాకిస్థాన్ కూడా చైనా సాయంతో ఎనిమిది కొత్త జలాంతర్గాములను సమకూర్చుకుంటున్నది. వాటి తరగతికి పెట్టిన పేరు హంగోర్, 1971లో ఖుక్రీని ముంచిన జలాంతర్గామి పేరు. బ్యాటరీలపై నడిచేటప్పుడు ఇటువంటి డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గాములు చేసే చప్పుడు బహు స్వల్పం.

విశాఖకు ఇది మరింత పట్టింపు గల విషయం. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, జలాంతర్గాముల స్థావరం, పోర్టు, ఫిషింగ్ హార్బర్ అన్నీ ఒకే ఇరుకైన తీరభాగంలో ఉన్నాయి. లోపలి రేవులోకి వెళ్లే కాలువ డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచే సాగుతుంది. ఆ ముఖద్వారం దగ్గర ఒక్క నౌక దెబ్బతిన్నా మిగిలినవాటికి దారి మూసుకుపోతుంది. ఘాజీ రేవు ముఖద్వారాన్ని ఎంచుకోవడానికి కారణం కూడా అటువంటి లెక్కే కావచ్చు. 2024 ఫిబ్రవరిలో నౌకాదళపు లోతు జలాల రక్షక వాహనం ఘాజీ శిథిలాలను గుర్తించినట్లు సమాచారం వెలువడింది. మరణించినవారి పట్ల గౌరవంతో వాటిని కదిలించకుండా అక్కడే వదిలివేశారు.

అర్నాలా తరువాత ఈ తరగతిలో రెండోదైన ఆండ్రోత్ 2025 అక్టోబరు 6న విశాఖ డాక్‌యార్డులోనే విధుల్లో చేరింది. లక్షద్వీప్‌లోని ఒక దీవి పేరు అది. కొచ్చిన్ యార్డు కట్టిన తొలి నౌక మాహే అదే ఏడాది నవంబరు 24న ముంబయిలో చేరింది. డిసెంబరులో అంజదీప్‌ను నౌకాదళానికి అప్పగించారు. గార్డెన్ రీచ్ వాటాలో చివరిదైన అజయ్ 2025 జులై 21న కోల్‌కతాలో జలప్రవేశం చేసింది. మొత్తం మీద 2025 ముగిసే నాటికి 16 నౌకల్లో నాలుగు నౌకాదళం చేతికి వచ్చాయి.